రూట్ పాస్‌వర్డ్ పిల్లల చేతికివ్వండి: చిన్న బోర్డుల మీద ఓఎస్ ల్యాబ్

(కడపలో ఇంజనీరింగ్ కాలేజీల అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసినాం.)

అందరికీ నమస్కారం. అనంతపురం నుంచి, కర్నూలు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన సార్లు, మేడమ్‌లు ఉన్నారు, కాబట్టి నేరుగా విషయంలోకి పోదాం.

మన దగ్గర ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ల్యాబ్ అంటే ఏం చేయిస్తాం? సీపీయూ ముందు ఎవరికివ్వాలో తేల్చే ఎఫ్‌సీఎఫ్‌ఎస్, ఎస్‌జేఎఫ్, రౌండ్ రాబిన్, బ్యాంకర్స్ అల్గారిథం, పేజ్ రీప్లేస్‌మెంట్, డైనింగ్ ఫిలాసఫర్స్, అంతే కదా. అన్నీ సీలో రాయిస్తాం, పిల్లోడు బర్స్ట్ టైములు, అంటే ఒక్కో పనికి ఎంతసేపు సీపీయూ కావాలో, కీబోర్డులో కొడతాడు, ప్రోగ్రాం యావరేజ్ వెయిటింగ్ టైమ్ లెక్కగట్టి చూపిస్తుంది, వాడు గాంట్ చార్ట్ స్కేలు పెట్టి రికార్డులో గీస్తాడు, మనం సంతకం పెడతాం. అది కూడికలు భాగహారాల ప్రోగ్రాం అండీ, అందులో షెడ్యూలర్ యాడుంది? నిజమైన షెడ్యూలర్ అదే కంప్యూటర్లో, అదే నిమిషంలో, ఆ ప్రోగ్రాం కింద కూర్చుని ఎవరిని నడిపించాల ఎవరిని ఆపాల అని ఎడతెగకుండా తేలుస్తా ఉంటుంది, దాన్ని మాత్రం మనం చూపించం.

ఎందుకు చూపించం అంటే, చూపించాలంటే పిల్లోడికి రూట్, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం, ఇవ్వాల. ఇయ్యలేం. ఆ సిస్టమ్ మీదనే మధ్యాహ్నం జావా ల్యాబ్ ఉంటుంది, వచ్చే వారం ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది, ఒకడు కెర్నెల్‌లోకి, అంటే ఓఎస్ గుండెకాయలోకి, మాడ్యూల్ లోడ్ చేసి పడేస్తే అరవై మంది సెక్షన్ ఆగిపోతుంది, ల్యాబ్ టెక్నీషియన్ రాత్రి కూర్చుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవాల. వాళ్ళ భయం న్యాయమైందే. కానీ దాని వల్ల ఏమైందంటే పిల్లోల్లని బావి గట్టు మీద నిలబెట్టి ఈత నేర్పుతాండాం.

నేను ఈరోజు చెప్పదల్చుకున్నది ఒకటే. చిన్న బోర్డు, అంటే అరచేతిలో పట్టే కంప్యూటర్, చవక అని అందరూ అంటారు, కాలేజీకి డబ్బు మిగులుతుందని అంటారు, నాకు ఆ మిగులు ముఖ్యం కాదు. చవక కాబట్టి దాన్ని పాడు చేయనివ్వొచ్చు. కెర్నెల్ చెడిపోతే మెమరీ కార్డు తీసి మళ్ళీ ఓఎస్ ఇమేజ్ రాసుకుంటాడు, కాసేపట్లో బోర్డు మామూలుగా లేస్తుంది, ఎవరి పనీ ఆగదు, ఎవరూ తిట్టరు. ఓఎస్ అనేది చెడిపోయినప్పుడే కనపడే వస్తువు. బాగా నడిచినంతసేపు అది ఉందని కూడా తెలీదు. అందుకే చెడగొట్టే అవకాశం ఇవ్వకుండా ఓఎస్ నేర్పడం చానా కష్టం.

ఇట్లాంటి చిన్న బోర్డు రాస్ప్‌బెర్రీ పై పుట్టింది కూడా ఇట్లాంటి బాధలోంచే. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్సుకి అప్లై చేసే పిల్లలు తగ్గిపోతాండారు, వచ్చేవాళ్ళకి కూడా ముందు తరానికి ఉన్నంత చేతి అనుభవం ఉండడం లేదు అని ఎబెన్ అప్టన్, ఆయన తోటివాళ్ళు గమనించి, పిల్లలు భయం లేకుండా కెలుక్కునే కంప్యూటర్ ఒకటి కావాలనుకున్నారు. 2012 ఫిబ్రవరి 29న మొదటి బోర్డు అమ్మకానికి వచ్చింది, 35 డాలర్లు, 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ మెమరీ. ఆ తర్వాత కథ మీకు తెలుసు.

మనకి కావల్సినవి రెండు రకాలు, ఈ రెండింటినీ కలిపేయకూడదు. ఒకటి లైనక్స్ నడిచే బోర్డు, పై జీరో 2 డబ్ల్యూ లాంటిది, 2021లో 15 డాలర్లకి విడుదలైంది, నాలుగు కోర్లు, 512 ఎంబీ. రెండోది పికో, అదే ఏడాది జనవరిలో 4 డాలర్లకి వచ్చింది, అది మైక్రోకంట్రోలర్, అంటే లైనక్స్ లేకుండా మన ప్రోగ్రాం నేరుగా నడిపే చిన్న చిప్, రెండు కార్టెక్స్ ఎమ్0 ప్లస్ కోర్లు, 264 కేబీ మెమరీ. మన దగ్గరికొచ్చేసరికి రేటు ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. పికోలో ఎమ్‌ఎమ్‌యూ, అంటే మెమరీ అడ్రస్‌లని మార్చి చూపించే భాగం, లేదు, కాబట్టి వర్చువల్ మెమరీ దాని మీద చెప్పలేం, పేజ్ ఫాల్ట్ అనేదే రాదు. కానీ సింక్రనైజేషన్ చెప్పడానికి పికో అంత మంచిది ఇంకోటి నేను చూడలేదు, దాని గురించి కొంచెం సేపు చెప్తా.

రేస్ కండిషన్, అంటే ఇద్దరు ఒకేసారి ఒకే డేటాని మార్చబోయి తప్పు రావడం, తీసుకోండి. నల్లబోర్డు మీద చెప్తాం, కౌంటర్ ప్లస్ ప్లస్ అనేది ఒక పని కాదు మూడు పనులు, మెమరీలోంచి తీసుకో, ఒకటి కలుపు, మళ్ళీ పెట్టు అని. పిల్లోల్లు తలూపుతారు. నమ్మరు. పికోలో రెండు కోర్లకీ ఒకే కౌంటర్ ఇచ్చి ఒక్కోదాన్ని లక్షసార్లు పెంచమనండి. రెండు లక్షలు రావాల కదా, రాదు. ఇంకోసారి నడిపిస్తే ఇంకో సంఖ్య వస్తుంది. అప్పుడు "సార్, కంపైలర్ తప్పేమో సార్" అంటారు, మంచిదే, కంపైలర్ ఏం రాసిందో డిస్‌అసెంబ్లీ తీసి చూడమనండి, ఆ మూడు ఇన్‌స్ట్రక్షన్లూ కళ్ళ ముందే ఉంటాయి. ఒక మాట, ఆ వేరియబుల్‌కి వోలటైల్ పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే ఆప్టిమైజర్ లూప్ మొత్తం ఎత్తేసి ఒకేసారి లక్ష కలిపేస్తుంది, తప్పు బయటపడదు.

ఇప్పుడు అసలు పాఠం. ఎవడో ఒకడు అంటాడు, ఇంటరప్టులు (నడిచే పనిని మధ్యలో ఆపే సంకేతాలు) ఆపేద్దాం సార్, పుస్తకంలో ఉంది కదా అని. ఆపమనండి. ఆపినా కౌంటర్ తప్పే వస్తుంది, ఎందుకంటే ఒక కోర్ ఇంటరప్టులు ఆపుకుంటే రెండో కోర్‌కి దానితో పనేముంది, అది తన పాటికి తను రాస్తానే ఉంటుంది. ఒక్క ప్రాసెసర్ ఉన్నప్పుడు పనికొచ్చే ఉపాయం రెండున్నప్పుడు ఎందుకు పనికిరాదో మనం గంట చెప్పినా ఎక్కనిది, ఆ తప్పు సంఖ్య చూస్తే ఒక్క నిమిషంలో ఎక్కుతుంది.

తర్వాత టెస్ట్ అండ్ సెట్, అంటే లాక్ ఖాళీగా ఉందా అని చూడడమూ పట్టుకోవడమూ ఒకే అడుగులో చేయడం. ఎమ్0 ప్లస్‌లో అట్లాంటి అటామిక్ ఇన్‌స్ట్రక్షన్ లేదు. లేదు కాబట్టి ఆ చిప్ చేసినవాళ్ళు 32 స్పిన్‌లాకులు హార్డ్‌వేర్‌లోనే పెట్టినారు. ఒక్కో లాక్ ఒక రిజిస్టర్. ఆ రిజిస్టర్ చదివితే సున్నా కాని సంఖ్య వచ్చిందంటే లాక్ నీది, సున్నా వచ్చిందంటే ముందే ఎవరో పట్టుకున్నారు, మళ్ళీ చదువు. వదలాలంటే దాంట్లో ఏదో ఒకటి రాస్తే చాలు. రెండు కోర్లూ సరిగ్గా ఒకే క్లాక్‌లో అడిగితే కోర్ జీరోకి ఇస్తుంది. చూడండి ఎంత బాగుందో, ఊరికే చదివితేనే లాక్ చేతికొస్తుంది, అడగడమూ పట్టుకోవడమూ ఒకే పని అయిపోయింది, మధ్యలో ఇంకొకరు దూరడానికి సందు లేదు. అటామిక్ అంటే ఏంది అని ఇంతకంటే శుభ్రంగా చెప్పే ఉదాహరణ నాకు తెలీదు. ఇది మొదటి పికో సంగతి, 2024లో వచ్చిన పికో 2లో చిప్ వేరే, దాని కోర్లలో అటామిక్‌లు ఉన్నాయి, ఆ తేడా కూడా అడగండి.

ఇంకోటి ప్రయారిటీ ఇన్వర్షన్, అంటే చిన్న పని వల్ల పెద్ద పని ఆగిపోవడం. దీన్ని సిలబస్‌లో రెండు మార్కుల ప్రశ్నగా వదిలేస్తాం, నాకు అది బాధ. 1997 జూలై 4న మార్స్ మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్ కొన్నాళ్ళకి దానంతట అదే రీసెట్ అవడం మొదలైంది. తక్కువ ప్రయారిటీ ఉన్న వాతావరణం డేటా టాస్క్ ఒక మ్యూటెక్స్, అంటే ఒకసారికి ఒక్కరే పట్టుకోగల తాళం, పట్టుకుంది, అదే మ్యూటెక్స్ కోసం ఎక్కువ ప్రయారిటీ ఉన్న బస్ (భాగాల మధ్య డేటా మోసే దారి) టాస్క్ ఎదురుచూస్తా ఉంది, మధ్యలో మీడియం ప్రయారిటీ టాస్కులు వచ్చి ఆ తక్కువదాన్ని నడవనియ్యలేదు, అది నడిస్తే కదా మ్యూటెక్స్ వదిలేది. బస్ పని టైముకి కాలేదని సిస్టమ్ రీసెట్ చేసుకుంది. ఇంజనీర్లు ఇక్కడ భూమ్మీద ఉన్న నకలు మీద అదే తప్పు మళ్ళీ రప్పించి పట్టుకున్నారు, ఆ మ్యూటెక్స్‌కి ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్, అంటే తాళం పట్టుకున్న చిన్నదానికి ఎదురుచూసే పెద్దదాని ప్రయారిటీ ఇవ్వడం, ఆఫ్‌లో ఉంది, ఆన్ చేయమని పైకి పంపించినారు, సర్దుకుంది.

ఇది పికో మీద మూడు ఎల్‌ఈడీలతో చేయొచ్చు. ఫ్రీ ఆర్‌టీఓఎస్ అనే చిన్న ఓఎస్ వేసుకోండి, మూడు టాస్కులు, ఎరుపు ఎక్కువది, పసుపు మధ్యది, పచ్చ తక్కువది. ముందు బైనరీ సెమాఫోర్ అనే ఇంకో రకం తాళంతో చేయండి, పచ్చది సెమాఫోర్ పట్టుకున్నాక పసుపుది లేచి సీపీయూ వదలకుండా తిరిగితే ఎరుపుది ఆగిపోతుంది, అందరికంటే పెద్ద టాస్క్ ఊరికే కూర్చుంటుంది, క్లాసంతా చూస్తుంది. తర్వాత సెమాఫోర్ బదులు మ్యూటెక్స్ సృష్టించమనండి, ఒకట్రెండు లైన్ల మార్పు. ఫ్రీ ఆర్‌టీఓఎస్ మ్యూటెక్స్‌లో ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ ఉంది, బైనరీ సెమాఫోర్‌లో లేదు. ఎరుపుది మళ్ళీ వెలుగుతుంది. చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. బైనరీ సెమాఫోర్ పుట్టడమే ఖాళీగా పుడుతుంది, ముందు ఒకసారి గివ్ చేయకపోతే ఎవరూ కదలరు. రెండోది, కోర్ల సంఖ్య ఒకటి అని కాన్ఫిగ్‌లో పెట్టండి, రెండు కోర్లు తెరిస్తే పచ్చది ఒక దాంట్లో పసుపుది ఇంకో దాంట్లో హాయిగా నడుస్తాయి, ఇన్వర్షన్ రాదు. అదీ ఒక పాఠమే అనుకోండి.

ఇంక లైనక్స్ బోర్డు దగ్గరికి వస్తాం. షెడ్యూలింగ్ గురించి త్వరగా చెప్పేస్తా. ఊరికే లూపులో తిరిగే ప్రాసెసులు రెండు తీసుకుని, టాస్క్‌సెట్ కమాండ్‌తో రెండింటినీ ఒకే కోర్‌కి కట్టేయండి, టాప్ కమాండ్‌లో చెరి యాభై శాతం కనపడుతుంది. ఒకదాని నైస్, అంటే పక్కదానికి దారిచ్చే గుణం, 5 చేయండి, డెబ్బై ఐదు, పాతిక అవుతుంది. ఎందుకు అవుతుంది? కెర్నెల్ పట్టికలో నైస్ 0కి బరువు 1024, నైస్ 5కి 335. పిల్లోల్లనే లెక్కేసి ముందు చెప్పమనండి, తర్వాత నడిపి చూడమనండి. రెండూ ఒకే టెర్మినల్లోంచి మొదలుపెట్టాల, వేరే వేరే టెర్మినల్స్ అయితే ఆటోగ్రూప్ (టెర్మినల్‌కొక గుంపుగా సీపీయూ పంచే ఏర్పాటు) ఆన్‌లో ఉన్న కెర్నెల్లో లెక్క తప్పుతుంది. లైనక్స్ 2007 నుంచి వాడిన సీఎఫ్‌ఎస్ షెడ్యూలర్‌ని 2023లో 6.6 వెర్షన్‌తో ఈఈవీడీఎఫ్ అనే దానికి మార్చినారు, బరువుల లెక్క మాత్రం అదే.

మెమరీ. ఇక్కడ 512 ఎంబీ తక్కువ కదా సార్ అని అడుగుతారు, తక్కువ ఉండడమే మనకి కావల్సింది. పదహారు జీబీ ఉన్న ల్యాబ్ పీసీలో మెమరీ అయిపోవడం అనే సంగతి పిల్లోడి కంట్లో పడదు. ఈ బోర్డులో 64 బిట్ ఓఎస్ వేసి, స్వాప్ (మెమరీ నిండితే పక్కకి తోసే ఏర్పాటు) ఆపేసి, పదేసి ఎంబీల చొప్పున మాలోక్ చేసుకుంటా, అంటే మెమరీ అడుగుతా, పొమ్మనండి, ఒక జీబీ దాటినా ఇస్తానే ఉంటుంది! బోర్డులో ఉన్నదానికంటే ఎక్కువ ఎట్లా ఇచ్చింది? ప్రాసెస్ స్టేటస్ ఫైల్లో వీఎమ్ సైజ్ (అడిగి తీసుకున్నది) పెరుగుతా ఉంటుంది, వీఎమ్ ఆర్‌ఎస్‌ఎస్ (నిజంగా మెమరీలో ఉన్నది) కదలదు. ఇప్పుడు ప్రతి పేజీలో, అంటే మెమరీని కోసిన ఒక్కో ముక్కలో, ఒక్క బైటు రాయమనండి, ఆర్‌ఎస్‌ఎస్ పాకుతుంది, ఒక చోట మెమరీ అయిపోయి కెర్నెల్లోని ఓఓఎమ్ కిల్లర్ వచ్చి ప్రాసెస్‌ని చంపేస్తుంది, కెర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్‌లో ఎవరిని ఎందుకు చంపిందో రాసి ఉంటుంది. మాటిచ్చేది వేరు, నిజంగా ఇచ్చేది వేరు, డిమాండ్ పేజింగ్ అంటే అదే. పేజీ సైజ్ ఎంత అని కూడా అడగండి, అన్ని చోట్లా 4096 అని బట్టీ పట్టినోళ్ళకి పై 5లో మామూలుగా వచ్చే కెర్నెల్లో 16384 కనపడితే మంచి చర్చ మొదలవుతుంది.

ఇప్పుడు మన సీమకి దగ్గరైన అంశం, కరెంటు పోవడం. ఫైల్ సిస్టమ్ చాప్టర్లో జర్నలింగ్, అంటే చేయబోయే మార్పులు ముందే రాసిపెట్టుకోవడం, అని అరపేజీ ఉంటుంది. నేనంటాను, ఆ అరపేజీనే ఒక పూట ల్యాబ్ చేయండి. పిల్లోడు ఒక కొత్త ఫైల్లోకి నాలుగు లైన్లు రాసే ప్రోగ్రాం రాస్తాడు, రాసి క్లోజ్ చేస్తాడు, ప్రోగ్రాం అయిపోయింది, ఎర్రర్ లేదు. పది సెకన్లు ఆగి బోర్డు కేబుల్ పీకేయమనండి. మళ్ళీ పెట్టి చూస్తే చానాసార్లు ఫైల్ పేరు ఉంటుంది, లోపల సున్నా బైట్లు. "రాసినా కదా సార్, సేవ్ అయింది కదా సార్!" అంటాడు. ఇప్పుడు చెప్పండి కథంతా. రైట్ కాల్ డేటాని కెర్నెల్ మెమరీలో పెట్టి వచ్చేసింది, కార్డు దాకా పోలేదు. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ మెటాడేటా (ఫైల్ పేరు లాంటి వివరాలు) జర్నల్‌ని ఐదు సెకన్లకొకసారి కమిట్ చేస్తుంది, అందుకే పేరు మిగిలింది, మురికి పేజీలు, అంటే కార్డుకి ఇంకా రాయనివి, మాత్రం ముప్పై సెకన్ల దాకా మెమరీలో కూర్చోవచ్చు, డిలేడ్ అలొకేషన్ వల్ల కార్డు మీద వాటికింకా చోటు కూడా కేటాయించలేదు, అందుకే లోపల ఏమీ లేదు. ఇప్పుడు ఎఫ్‌సింక్, అంటే డేటాని కార్డు దాకా తోసే కాల్, పెట్టి మళ్ళీ పీకమనండి, డేటా ఉంటుంది. తర్వాత మెట్టు, పాత ఫైల్ మీద నేరుగా రాయకుండా పక్కన ఇంకో ఫైల్లో రాసి, ఎఫ్‌సింక్ చేసి, రీనేమ్ చేయడం. డేటాబేసులు, ఎడిటర్లు ఎందుకు ఇంత తంటా పడతాయో అప్పుడు అర్థమవుతుంది. రేపు వీడు ఏ బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసినా ఎఫ్‌సింక్ అనే పేరు చూస్తే ఆ సున్నా బైట్ల ఫైలు గుర్తొస్తుంది.

ఒకటి మాత్రం ముందే చెప్పండి, కరెంటు మధ్యలో తీస్తే ఫైల్ సిస్టమ్‌తో సంబంధం లేకుండా కార్డు లోపలి కంట్రోలరే గందరగోళపడి వేరే డేటా కూడా పోవచ్చు. జర్నల్ దాన్ని కాపాడలేదు. అందుకే ఆ ల్యాబ్‌కి పాత కార్డులు కేటాయించండి, మంచి ఇమేజ్ ఒకటి పక్కన పెట్టుకోండి.

ఎమ్యులేటర్, అంటే బోర్డులా నటించే సాఫ్ట్‌వేర్, ఉంది కదా, బోర్డు ఎందుకు అనే ప్రశ్న ప్రతి చోటా వస్తుంది. క్యూఈఎమ్‌యూ అనే ఎమ్యులేటర్ వాడండి, నేనూ వాడతా, డీబగ్గర్ తగిలించుకోవడానికి అంత సుఖం బోర్డు మీద రాదు. ఎమ్‌ఐటీ వాళ్ళు 2006లో తమ ఓఎస్ కోర్సు కోసం రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఓఎస్‌ని 2019లో రిస్క్ ఫైవ్ రకం ప్రాసెసర్‌కి మార్చినారు, అది క్యూఈఎమ్‌యూలోనే నడుస్తుంది, ఫైనలియర్ పిల్లలకి నిరభ్యంతరంగా ఇవ్వండి. కానీ ఎమ్యులేటర్ మర్యాదస్తుడు. మెమరీ మొత్తం సున్నాలతో ఇస్తుంది, క్యాష్‌లు ఉన్నట్టు నటించదు. పిల్లోడు సొంతంగా చిన్న కెర్నెల్ రాసి బీఎస్‌ఎస్ సెక్షన్ (సున్నాతో మొదలవ్వాల్సిన వేరియబుళ్ళ చోటు) క్లియర్ చేయడం మర్చిపోయినాడు అనుకోండి, క్యూఈఎమ్‌యూలో బ్రహ్మాండంగా నడుస్తుంది, అదే ఫైలు కార్డులో వేసి నిజం బోర్డులో పెడితే "ఏం రాలే సార్". ఎందుకు రాలేదో వెతుక్కుంటా పోతేనే బూట్ అంటే ఏందో తెలుస్తుంది. ఈ పాత పై బోర్డుల్లో ముందు లేచేది మనం అనుకునే ప్రాసెసర్ కాదు, గ్రాఫిక్స్ చిప్ లేచి, కార్డులోని ఫ్యాట్ పార్టిషన్‌లోంచి తన ఫైళ్ళు చదువుకుని, ఆ తర్వాత మన కెర్నెల్ ఇమేజ్‌ని 64 బిట్ అయితే హెక్సాలో 80000 అనే అడ్రస్ దగ్గర పెట్టి అప్పుడు ఆర్మ్ కోర్లని వదులుతుంది.

ఇక ఖర్చులు, ఇబ్బందులు. మానిటర్లు కొనొద్దు, యూఎస్‌బీ సీరియల్ కేబుల్ చాలు, 3.3 వోల్టులది చూసి తీసుకోండి, 5 వోల్టులు పిన్నుకిస్తే బోర్డు పోతుంది, ఇది మాత్రం కార్డు మార్చుకుంటే బాగయ్యే చెడు కాదు. పవర్ కేబుళ్ళ దగ్గర పొదుపు చేయొద్దు, సన్న కేబుల్ అయితే వోల్టేజ్ పడిపోతుంది, పెద్ద పై బోర్డులైతే 4.63 వోల్టుల కిందికి పోయిందంటే హెచ్చరిక ఇస్తాయి, జీరో రకంలో అదీ ఉండదు, పిల్లోడు తన కోడ్ తప్పేమో అని పూటంతా వెతుక్కుంటాడు. ఏప్రిల్, మే నెలల్లో మన కడప ఎండకి ఫ్యాన్ లేని ల్యాబ్‌లో పెట్టి కొలతలు తీయిస్తే ఆ కొలతలు నమ్మొద్దు, 80 డిగ్రీలు దాటితే చిప్ తనంతట తానే క్లాక్ తగ్గించుకుంటుంది. హీట్ సింక్ అంటించండి, టెంపరేచర్ కూడా రికార్డులో రాయించండి.

ల్యాప్‌టాప్ లేని పిల్లల గురించి నేను ప్రత్యేకంగా చెప్పాల. జమ్మలమడుగు వైపు, రాయచోటి వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో చానామందికి చేతిలో ఉండేది ఫోన్ ఒక్కటే. పై జీరో 2 డబ్ల్యూ అయితే ఆ ఫోన్ చాలు. హాట్‌స్పాట్ ఆన్ చేసి, టెర్మక్స్ అనే యాప్ వేసుకుని ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీద లాగిన్ అయ్యే పద్ధతి) బోర్డులోకి పోవచ్చు. ఆ బోర్డులో వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, హాట్‌స్పాట్ 5లో ఉంటే కనపడదు, అది ముందే చెప్పి పంపండి. ఫోన్ కీబోర్డు మీద సీ రాయడం కష్టమే, ఒప్పుకుంటా, కానీ సెలవుల్లో ఇంటి దగ్గర కూర్చుని సొంత కంప్యూటర్‌కి రూట్ అయి కెర్నెల్ మాడ్యూల్ రాసుకునే పిల్లకి ఆ కష్టం లెక్కలోకి రాదు. బోర్డులు బీరువాలో పెట్టి తాళం వేయొద్దు సార్, ఇళ్ళకి పంపండి. పోతే ఒకట్రెండు పోతాయి.

మార్కుల విషయం. ప్రోగ్రాం రాసి అవుట్‌పుట్ చూపించే పద్ధతి పూర్తిగా తీసేయమని నేను అనడం లేదు, యూనివర్సిటీ ఇచ్చిన లిస్టు మనం చేయాల్సిందే, బ్యాంకర్స్ అల్గారిథం కాగితం మీద రావాల్సిందే. ఇంటర్నల్స్ మాత్రం మన చేతిలో ఉన్నాయి కదా. వైవాకి ముందు మీరే ఒక కార్డు చెడగొట్టి పెట్టండి, ఒక దాంట్లో డిస్క్ నింపేయండి, ఒక దాంట్లో ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్ వివరాలు పెట్టే గళ్ళు) మాత్రమే నింపేయండి, డిస్క్‌లో చోటుండి కూడా ఫైల్ రాయలేకపోవడం ఎట్లాంటిదో చూస్తారు, ఒక దాంట్లో రెండు థ్రెడ్లని ఒకదాని కోసం ఒకటి ఆగిపోయే డెడ్‌లాక్‌లో కూర్చోబెట్టండి. ఏమైంది, ఎట్లా తెలుసుకున్నావు, అని అడగండి. జవాబు తప్పినా పర్వాలేదు, ఏయే కమాండ్లు కొట్టి ఏం చూసినాడో దానికి మార్కులేయండి. నెట్‌లోంచి కాపీ కొట్టడానికి కుదరదు, పక్కవాడి కార్డులో తప్పు వేరే ఉంటుంది.

పక్క గదిలో బోర్డులు, కేబుళ్ళు పెట్టించినాం, ఇద్దరికొకటి వస్తుంది. కార్డులు ఖాళీవి, ఇమేజ్ మీరే రాసుకోవాల. రాసుకున్నాక మొదట కౌంటర్ ప్రోగ్రాం చేద్దాం, పికోలు నీలం డబ్బాలో ఉన్నాయి, మధ్యాహ్నం భోజనాల తర్వాత ఎఫ్‌సింక్‌ది. ప్రశ్నలుంటే అక్కడే బోర్డు ముందర పెట్టుకుని మాట్లాడుకుందాం, రండి.